ఒరిజినల్ ఫీలింగ్

చుట్టూ అరవం వినిపించే ముదలియార్‌పేటలోని వరదరాజులు ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరో ఒకరు నానా కష్టాలు పడి పైకి రావలసిందే. అది ఆ ఇంటి కట్టుబాటు. ఒక వారం చూపులేని కుర్రాడు మంచుకొండ ఎక్కుతాడు. ఇంకో వారం కాళ్ళకు చెప్పుల్లేని పిల్ల పరుగుపందెం గెలుస్తుంది. మరో వారం చెయ్యని నేరానికి జైల్లో పడ్డవాడు అక్కడే కూర్చుని లా చదివేసి, తన కేసు తానే వాదించుకుని దర్జాగా బయటికొస్తాడు. వాళ్ళంతా టీవీలో అలా గెలిచేస్తుంటే, కింద చాప మీద కూర్చుని, ఒళ్ళో మునగాకు దూసుకుంటూ, వాళ్ళ హిందీని ముక్క పోకుండా తెలుగులో చెప్పే పని ఆ ఇంటి కోడలు ప్రేమది.

ఈ కట్టుబాటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వరదరాజులు పనిచేసే ప్రభుత్వ ఆఫీసులో ఆ మధ్య ఏదో ట్రైనింగు పెట్టి, కోటు వేసుకున్న ఒక పెద్దమనిషిని పిలిపించారు. వారానికొక స్ఫూర్తినిచ్చే సినిమా చూస్తే మనసు తుప్పు పట్టదని ఆయన చెప్పాడు. తక్కిన ఉద్యోగులు సమోసా తిని మాట మర్చిపోయారు. వరదరాజులు సమోసా మర్చిపోయి మాట ఇంటికి పట్టుకొచ్చాడు.

"అరవంలో పెట్టుకోవచ్చు గదండీ, బటన్ నొక్కితే సరిపాయె" అని ప్రేమ మొదట్లోనే అడిగింది.

"డబ్బింగా? దాంట్లో ఒరిజినల్ ఫీలింగ్ యాడుంటాది?" అన్నాడు వరదరాజులు. ఆ ముక్క కూడా ఆఫీసులో ఎవరో చెప్పిందే.

ఆయనకు హిందీ రాదు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుతాడు. కళ్ళద్దాలు సర్దుకుని వాక్యం చివరికి చేరేసరికి హీరో పక్క ఊళ్ళో ఉంటాడు. ఆయన తల్లి చిన్నపొన్నుకు తెలుగు, అరవం వినడం వచ్చు, చదవడం ఏదీ రాదు. పక్కింటి మారియమ్మ తన ప్లాస్టిక్ కుర్చీ తానే మోసుకొచ్చి కూర్చుంటుంది. గోడకు గోడ ఆనుకుని బతికిన పుణ్యాన ఆమెకు వీళ్ళ తెలుగు బాగానే అర్థమవుతుంది. ప్లస్ వన్, అంటే ఇంటర్ మొదటి ఏడు, చదివే కూతురు అర్చితకు ఇంగ్లీషు వచ్చుగానీ ఆ పిల్ల కళ్ళు సగం ఫోన్లో ఉంటాయి. కాబట్టి ఒరిజినల్ ఫీలింగ్ ఎవరికి అందాలన్నా ప్రేమ నోటి మీదుగానే అందాలి.

ప్రేమ చిన్నప్పుడు ఉప్పళంలో సాయంత్రం ట్యూషన్‌కి పోయి హిందీ పరీక్షలన్నీ ఒకటొకటిగా రాసి పాసయింది. తరవాత బి.ఏ. చేసింది. ఆ సర్టిఫికెట్లు పెళ్ళయిన దగ్గర్నుంచి బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. నాఫ్తలీన్ ఉండల చలవ వల్ల ఒక్క పురుగు కూడా వాటిని ముట్టలేదు. మనుషులూ ముట్టలేదు.

భాష మార్చి చెప్పేవాళ్ళ బతుకు ఎంత విచిత్రమో సినిమా చూసేవాళ్ళకు తెలియదు. అందరూ ఏడుస్తున్నప్పుడు ప్రేమ ఏడవడానికి లేదు, "బిడ్డని యాడో వదిలిపెట్టేసింది, అందుకే ఏడస్తా ఉండాది" అని చెప్పాలి. చెప్పేలోగా మారియమ్మ ముక్కు చీదేసి, "ఎవురి బిడ్డ?" అంటుంది. మళ్ళీ చెప్పాలి. అది చెప్పేలోగా బిడ్డ పెరిగి పెద్దదై కలెక్టరయిపోతుంది.

మొన్న శుక్రవారం ప్రేమకు ఒక ఫోనొచ్చింది. కాలాపేట దారిలో ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ టీచరు ఉన్నట్టుండి మానేసింది. అక్కడ లెక్కలు చెప్పే విజి, ప్రేమకు ట్యూషన్ నాటి స్నేహితురాలు, ప్రేమ పేరు చెప్పిందట. స్కూలు కరస్పాండెంటమ్మే స్వయంగా మాట్లాడింది. సోమవారం పొద్దున వచ్చి మా ముందు ఒక క్లాసు తీసుకోండి, బాగుంటే చేరిపోండి, వస్తారో రారో ఆదివారం సాయంత్రం ఆరులోపల చెప్పండి, లేకపోతే ఇంకొకరు కాచుకుని ఉన్నారు అంది.

ప్రేమ ఆ సాయంత్రమే కాఫీల దగ్గర విషయం చెప్పింది.

"స్కూలా? మంచిదే గదా" అన్నాడు వరదరాజులు.

"మంచిదే" అంది అత్త. "పోతే పో తల్లీ, నేనేం వద్దంటినా? మధ్యాన్నం సంగతి ఒకటి చూసుకో, అంతే."

ఆ మధ్యాన్నం ఎక్కడుందంటే, సరిగ్గా కాలాపేట బస్సుకూ ప్రేమకూ మధ్యలో ఉంది. వరదరాజులు ఆఫీసు దగ్గరే కాబట్టి పన్నెండున్నరకల్లా ఇంటికొచ్చి వేడన్నం తింటాడు. అత్తకు షుగరు, వేళ తప్పకూడదు. ప్రేమ స్కూలుకు పోతే తిరిగి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది.

"పొద్దునే వండి హాట్‌ప్యాక్‌లో పెడతా" అంది ప్రేమ.

"హాట్‌ప్యాక్ అన్నం చెమట పడతాది" అన్నాడు వరదరాజులు చాలా బాధగా, ఆ చెమట తనకే పట్టినట్టు. "చూద్దాంలే. ఇప్పుడేం తొందర?"

శనివారం మళ్ళీ అడిగింది. చూద్దాం అన్నారు. ఆదివారం పొద్దున వంజరం చేప ముక్కలు కడుగుతూ మూడోసారి అడిగింది. "సినిమా అయిపోనీ, నిమ్మళంగా మాట్లాడదాం" అన్నాడాయన రిమోట్ బ్యాటరీలు తిప్పి వేస్తూ.

ప్రేమకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఇన్ని ఆదివారాలు ఇంతమంది పీడితుల గొంతుక అయింది కదా, వాళ్ళందరి మీదా ఆమెకు లోలోపల కొంచెం అసూయ. వాళ్ళకు పీడించేవాడు ఎవడో స్పష్టంగా తెలుసు. వాడికి మీసాలుంటాయి. వాడు కొడతాడు, తిడతాడు, ఇల్లు తగలబెడతాడు. ఎదురు తిరగాల్సిన చోట వెనకనించి డప్పులు కూడా మోగుతాయి. ఇక్కడ ఎవరికి ఎదురు తిరగాలి? వరదరాజులు ఆమె మీద ఒక్కనాడు గొంతు పెంచిన పాపాన పోలేదు. అత్త పండక్కి తనకు చీర వద్దని కోడలికి కొనిపిస్తుంది. అందరూ మంచివాళ్ళే. పన్నెండున్నరకు అన్నం తింటారు, అంతే. దాని మీద సినిమా తీస్తే ఇంటర్వెల్ కూడా పడదు.

ఆ రోజు సినిమా ఇటుకల బట్టీలో పుట్టిన పిల్ల కథ. అమ్మానాన్నలు లేరు, ముసలి అవ్వ ఒక్కతే. పిల్లకు చదువుకోవాలని ఉంటుంది. బట్టీ యజమానికి, చెప్పనక్కర్లేదు, మీసాలు.

మొదటి అరగంట ప్రేమ నమ్మకంగానే చెప్పింది. పిల్ల దొంగతనంగా బడి కిటికీ దగ్గర నిలబడడం, యజమాని పట్టుకోవడం, అవ్వకు జబ్బు చెయ్యడం, అన్నీ ఉన్నవున్నట్టు. అవ్వ చావబోతూ మనవరాలి చెయ్యి పట్టుకుని, "ఝుక్‌నా మత్" అంది. తలవంచకు, అని అర్థం. అంతే, ఆ రెండే మాటలు. కెమెరా అవ్వ కళ్ళ మీదే ఆగిపోయింది.

"ఏమనిందే?" అంది అత్త పైట చెంగు సిద్ధంగా పట్టుకుని.

ప్రేమ మునగాకు దూయడం ఆపింది. గడియారం వైపు చూసింది. మూడు దాటింది.

"'నువ్వు బడికి పో బిడ్డా, నా అన్నం సంగతి నేను చూసుకుంటా. ముసలోళ్ళం ఒక పూట వండుకుంటే అరిగిపోము' అంటా ఉండాది అత్తా."

"అయ్యో, నా తల్లే!" అంది అత్త. కళ్ళు ఒత్తుకున్నాక ఆమెకు అనుమానం వచ్చింది. "అంత పెద్ద మాటా? ఆమె ఊరికే రెండు ముక్కలు గదా చెప్పింది?"

"హిందీ అట్టనే అత్తా. కొంచెం చెప్తే చానా అర్థం."

అర్చిత ఫోన్లోంచి తలెత్తి తల్లిని చూసింది. తెర మీది ఇంగ్లీషును చూసింది. మళ్ళీ తల్లిని చూసింది. ప్రేమ ఆ పిల్ల కాలి బొటనవేలి మీద మోచెయ్యి ఆనించి కాస్త బరువేసింది. అర్చిత దగ్గొచ్చినట్టు నటించి ఫోన్లోకి వెళ్ళిపోయింది.

ఒకసారి రుచి మరిగాక ఆగడం కష్టం. పిల్ల పెద్దదయింది. పట్నం వెళ్ళి పరీక్ష రాస్తానని యజమాని ముందు నిలబడింది. అతను మీసం మెలేసి, చేతిలో బెల్టు విదిలించి, ఈ బట్టీలో పుట్టావు, ఈ బూడిదలోనే పోతావు అని గర్జించాడు.

"'చూద్దాంలే, ఇప్పుడేం తొందర?' అంటా ఉండాడు" అని చెప్పింది ప్రేమ.

"అంత గట్టిగానా?" అంది మారియమ్మ.

"వాని గొంతే అంత."

పిల్ల కాళ్ళ మీద పడింది. యజమాని తోసేశాడు. "'చూద్దాం అంటిని గదా' అంటా ఉండాడు." పిల్ల రాత్రికి రాత్రి పారిపోబోతే మనుషుల్ని పంపి పట్టించాడు. "'సినిమా...' కాదు, 'పని అయిపోనీ, నిమ్మళంగా మాట్లాడదాం' అంటా ఉండాడు."

"వీడేందే, ఒట్టి పాడు సచ్చినోడుగా ఉండాడు!" అని అత్త లేచి నిలబడినంత పని చేసింది. "ఊ అనడు, ఊహూఁ అనడు. చూద్దాం చూద్దాం అని ఆ పిల్ల ఉసురు పోసుకుంటాడా? పోమ్మా అని ఒక్క మాట చెప్తే వాని నోరు పడిపోతాదా? బెల్టుతో కొట్టినా మేలే!"

"నాసమా పోవాన్" అని మారియమ్మ అరవంలో శాపం పెట్టింది.

వరదరాజులు కళ్ళద్దాలు పైకెత్తి తెర దగ్గరికి వంగాడు. "ప్రేమా, యాష్ అని ఏదో వచ్చిందే. బూడిద గదా? చూద్దాం అని యాడొచ్చింది?"

"కింద వచ్చేది ఇంగ్లీషు. నేను చెప్పేది ఒరిజినల్ ఫీలింగ్."

ఆయన తల ఊపి వెనక్కి వాలాడు. ఆ ముక్క ఆయనదే మరి. సోఫాలో అత్త మొహం ఎర్రబడి ఉంది, మారియమ్మ కుర్చీ అంచుకు జరిగింది. ఇంకెంత, ఇక దారికొచ్చేసినట్టే అనుకుంది ప్రేమ. ఇప్పుడు కొంచెం కదిలిస్తే చాలు.

"చూస్తివా అత్తా" అంది, మునగాకు గిన్నెను పక్కకు జరుపుతూ, ఎటో చూస్తూ. "చదువుకున్నదాన్ని పోనీకుండా పెట్టుకుంటే ఎంత కష్టమో."

"కష్టమా, మామూలు కష్టమా!" అంది అత్త. వంగి కోడలి తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఎంతో మెత్తగా ఉంది. "ఆ పావం పిల్లకి ఎవురుండారు చెప్పు? నీకు అట్ట కాదు. మొగుడు నోట్లో నాలుక లేనోడు, నేను నిన్ను ఒక మాట అనేదాన్ని కాదు. ఇట్టాంటివి చూసినప్పుడల్లా అనుకుంటా, మా ప్రేమని దేవుడు ఏ కొరతా లేకుండా పెట్టినాడని."

"అందుకే ఈ సినిమాలు చూపించేది" అన్నాడు వరదరాజులు. "మనది ఏం కష్టం, ఏమీ లేదు. అది తెలుస్తాది."

మారియమ్మ కూడా ప్రేమను చూసి, పెట్టి పుట్టావు అన్నట్టు తల పంకించింది.

ప్రేమకు చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టుంది. ఇన్నాళ్ళూ తను ఒళ్ళు హూనం చేసుకుని తెలుగు చేసిన కన్నీళ్ళన్నీ ఇందుకా? ఎక్కడో ఎవరో బట్టీలో మాడితే తన ఇంట్లో తను సుఖపడుతున్నట్టు లెక్కా? వీళ్ళ దృష్టిలో పడాలంటే ముందు అమ్మానాన్నలు చావాలి, అవ్వ చావాలి, మీసాలవాడు బెల్టు తియ్యాలి. అంతవరకు ఏం అడిగినా సుఖం ఎక్కువై అడిగినట్టే.

ఈలోగా సినిమా కోర్టుకు చేరింది. పిల్ల నల్లకోటు వేసుకుని, బట్టీ జనమంతా వెనక నిలబడి ఉండగా, మాట్లాడడం మొదలుపెట్టింది. అదే అసలు ఘట్టం. ఊపిరి తియ్యకుండా మాట్లాడుతోంది.

అందరూ ప్రేమ వైపు తిరిగారు. ప్రేమ తెర వైపు చూస్తోంది, తీరిగ్గా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆ హీరోయిన్ కుడి కనుబొమ మీద మచ్చ ఉందని ఆమె అప్పుడే గమనించింది.

"ఏం చెప్తా ఉండాది?" అంది అత్త.

ప్రేమ ఒళ్ళో పడిన మునగాకు ఈనె ఒకటి తీసి పక్కన వేసింది.

"ప్రేమా! చెప్పు, అయిపోతా ఉండాది!"

"నాకు గొంతు నొప్పి."

"ఇంత సేపు లేదే?"

"ఇంత సేపు చెప్పబట్టే వచ్చింది."

వరదరాజులు రంగంలోకి దిగాడు. "నేను చెప్తా ఉండండి. 'మై లార్డ్, మా... మా చేతులు... ఇటుకలు...' పోయింది. 'ఎవురూ మాకు... ఇవ్వని... డిగ్నిటీ...' డిగ్నిటీ అంటే... మర్యాద... పోయింది. 'కాబట్టి...' ఛ! అర్చితా, నువ్వు చదవరాదా?"

"నాకు తెలుగులో అంత బాగా చెప్పడం రాదు నాయనా" అంది అర్చిత తల ఎత్తకుండా. తల్లి మోచెయ్యి ఈసారి అక్కడ లేకపోయినా.

జడ్జి ఏదో అన్నాడు. జనం లేచారు. పిల్ల ఏడ్చింది. గెలిచి ఏడ్చిందో ఓడి ఏడ్చిందో ఆ ఇంట్లో నలుగురికి తెలియలేదు, ఎందుకంటే అర్చిత కూడా సరిగ్గా అప్పుడే ఎవరికో మెసేజ్ పెడుతోంది. ఎర్రటి సూర్యుడి ముందు ఇటుకల వరుసలు కనిపించి, పేర్లు పడడం మొదలైంది.

"గెలిచిందా?" మారియమ్మ కుర్చీలోంచి లేచేసింది. "అక్కా, అడుగక్కా, గెలిచిందా?"

"ఆ మీసాలోడికి శిక్ష పడిందా లేదా అదన్నా చెప్పు!" అత్త గొంతు పెరిగింది. పెళ్ళయి వచ్చాక ఆ గొంతు అంత పెరగడం ప్రేమ వినలేదు. వినడానికి బాగానే ఉంది.

"అత్తా" అంది ప్రేమ. "చావబోయే ముందు ఆ అవ్వ ఏమనిందో తెలుసునా? తలవంచకు అనింది. అంతే."

"మరి నా అన్నం నేను వండుకుంటా అని..."

"ఆమె అనలేదు, నేనన్నాను. ఆ మీసాలోడు చూద్దాం అనలేదు, ఈ బూడిదలోనే చస్తావు అన్నాడు. చూద్దాం అనింది ఆయన." ప్రేమ సోఫా వైపు చెయ్యి చూపించింది. "శుక్రవారం ఒకసారి, నిన్న ఒకసారి, ఇయాళ పొద్దున ఒకసారి. నేను ఆ స్కూలుకు పోవాలనుకుంటా ఉండాను. నాకు కష్టమేమీ లేదు. నన్ను ఎవురూ కొట్టలేదు. కొట్టకపోయినా పోవాలని ఉంది."

వరదరాజులు రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు, దాంట్లో ఏదైనా బటన్ దీనికి పనికొస్తుందేమోనన్నట్టు.

అత్త నొచ్చుకుంది, స్పష్టంగా తెలుస్తోంది. అయితే దేనికి నొచ్చుకుందో తరవాత తెలిసింది.

"పోవాలని ఉంటే, పోవాలని ఉంది అని ఒక మాట చెప్తే సరిపోయేది గదా" అంది. "దానికి మంచి సినిమాని ఇట్ట పాడు చేస్తారా?"

ప్రేమ గోడకేసి తల బాదుకోవాలనుకుంది. గోడ అవతల మారియమ్మ ఇల్లు, పాపం వాళ్ళేం చేశారని మానేసింది. ఐదున్నర అయింది. లేచి, అందరి ముందే ఫోన్ తీసి, కరస్పాండెంటమ్మకు చేసింది.

"రేపు వస్తాను మేడమ్. ఆఁ, సర్టిఫికెట్లు ఉన్నాయి. లేదు మేడమ్, ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు." ఆ చివరి మాట చెబుతూ ఇంటి మొత్తాన్నీ ఒక చూపు చూసింది.

ఫోన్ పెట్టేశాక ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. మూడు రోజులుగా కొండలా అడ్డం నిలబడిన విషయం ఇంత తేలిగ్గా పక్కకు జరిగిపోతే, ఆ మూడు రోజులు ఎందుకు తినేసినట్టు? కనీసం వద్దనయినా అనుంటే గెలిచినట్టు ఉండేది.

"గెలిచింది" అని మారియమ్మకు మాత్రం గుమ్మం దగ్గర చెప్పింది. "వానికి ఏడేండ్లు పడింది." మారియమ్మ కుర్చీ ఎత్తుకుని సంతోషంగా వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చేసరికి వరదరాజులు ఫోన్లో ఏదో టైపు చేసి నవ్వుకుంటున్నాడు. అర్చిత తన ఫోన్ తల్లి ముందు పెట్టింది. బంధువుల గ్రూపులో నాయన పెట్టిన మెసేజ్. 'ఈ రోజు మేము చూసిన గొప్ప సినిమా వల్ల స్ఫూర్తి పొంది నా భార్య టీచరు ఉద్యోగానికి వెళ్తోంది. మంచి సినిమా మనిషిని మారుస్తుంది.' కింద అప్పుడే చప్పట్ల బొమ్మలు వరుస కట్టాయి. భార్యను ప్రోత్సహించిన వరదరాజులుకు వందనం అని ఒక చిన్నాయన రాశాడు.

"తీసెయ్యండి" అంది ప్రేమ.

"ఎందుకు? మంచి మాటే గదా."

"తీసెయ్యండి."

"అందరూ చూసేసినారే..." అని గొణుగుతూ తీసేశాడు.

"సరేగాని ప్రేమా" అంది అత్త సోఫాలోంచి, గొంతు మళ్ళీ మామూలు మెత్తదనానికి వచ్చేసి, "రేపు మధ్యాన్నానికి చిక్కుడుకాయ పొరియల్ చేసేసి పోతావా? రసం నేను కాచుకుంటాలే. అన్నం చెమట పట్టినా పరవాలేదు."

ప్రేమ వంటింట్లోకి వెళ్ళింది. చిక్కుడుకాయలు పళ్ళెంలో పోసింది. కత్తి పళ్ళెంలో పెట్టింది. తీసుకొచ్చి వరదరాజులు ముందు, టీపాయ్ మీద, రిమోట్‌ను జరిపి మరీ పెట్టింది.

"ఇదేంది?"

"చిక్కుడుకాయలు. నార తీసి సన్నగా తరగాలి. తాలింపు ఎట్టనో అత్త చెప్తాది."

ఆయన తల్లి వైపు చూశాడు. తల్లి టీవీ వైపు చూసింది. టీవీ ఆరిపోయి ఉంది. ఆయన ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పి, "నార యాడుంటాది?" అన్నాడు.

ప్రేమ పడగ్గదిలో బీరువా తెరిచి, పట్టుచీరల కిందికి చెయ్యి పోనిచ్చింది. హాల్లోంచి అత్త గొంతు వినిపిస్తోంది. "ఆ కొస కాదురా, ఈ కొస. అయ్యో, అట్ట లాగితే కాయే వచ్చేస్తాది గదరా!"